వణకని చేతులు

మా పెద్దక్క పోయిన రోజు కటింగ్ బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది. ఎనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి సర్ది, అంచులు కలిపి, నాలుగు మూలలా ఇనుప బరువులు పెట్టింది. కొలతల అట్టలు పెట్టి సుద్దతో గీతలు గీయడం కూడా అయిపోయింది. కత్తెర తీసుకుని మొదటి వరస చొక్కాలు భుజం దాకా కోసి, అక్కడ ఆగి, "కాసిని మంచినీళ్ళు తేవే, తల పగిలిపోతోంది" అంది. నేను గ్లాసు తీసుకొచ్చేసరికి స్టూలు మీద కూర్చుని తల బల్లకు ఆనించి ఉంది. వేళ్ళు ఇంకా కత్తెరలోనే ఉన్నాయి.

మెదడులో రక్తనాళం పగిలిందన్నారు ఆస్పత్రిలో. పుట్టుకతోనే ఆ చోట గోడ పలచగా ఉండి ఉంటుందనీ, ఎవరూ చేయగలిగింది లేదనీ చెప్పారు. చీకటి పడకముందే అయిపోయింది. ఆవిడ మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయడం నేను ఎన్నడూ చూడలేదు. అదొక్కటే.

మాది కుట్టుపని ఇల్లు. కింద కొట్టు, పైన రెండు గదులు. అమ్మానాన్నలు పోయాక మేం ముగ్గురమే మిగిలాం. పెద్దక్క కోసేది, తమ్ముడు కుట్టేవాడు, నేను బళ్ళో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేదాన్ని. కుట్టుపనిలో గుడ్డ కోసే మనిషినే మాస్టరు అంటారు. మా చుట్టుపక్కల కొట్లన్నిటిలోనూ మాస్టర్లు మగవాళ్ళే. కొత్తగా వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి "మాస్టరుగారు లేరా?" అంటే, అక్క టేపు మెడలోంచి తీస్తూ "మాట్లాడుతున్నారు. చేతులు చాపండి" అనేది.

తమ్ముడికి కోయడం రాక కాదు. వాడి చేతులు వణికేవి. ఎనిమిదేళ్ళ కిందట వాడి కిడ్నీలు రెండూ చెడిపోతే అక్క తనదొకటి ఇచ్చింది. అప్పట్నుంచి వాడు ఉదయమూ సాయంత్రమూ మాత్రలు వేసుకోవాలి. బయటినుంచి ఏది లోపలికొచ్చినా మీదపడి తరిమే కాపలా ఒకటి మన ఒంట్లో ఉంటుంది. ఆ కాపలాని జోకొట్టి ఉంచడం ఆ మాత్రల పని. లేకపోతే అది అక్క కిడ్నీ మీద పడుతుంది. ఆ మాత్రల్లో ఒకదానికి ఇంకో గుణం ఉంది. వేసుకున్న కాసేపటికి వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతాయి. మిషను మీద ఫరవాలేదు, గుడ్డని మిషనే నొక్కి పట్టుకుంటుంది. కత్తెర అలా కాదు. సూదుల్లో దారం కూడా అక్కే ఎక్కించి, వాడి ముందు వరసగా గుచ్చి పెట్టేది.

ఆ కిడ్నీ మీద వాళ్ళిద్దరికీ ఒక వేళాకోళం ఉండేది. "నేను నీ దగ్గర అద్దెకుంటున్నానురా, ఇంటాయనా. నీళ్ళు సరిగా వదలడం లేదు" అనేది అక్క కత్తెర ఆపకుండానే. వాడు మిషను ఆపి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, "వదిలానండీ, చూసుకోండి" అనేవాడు.

అది యూనిఫాంల కాలం. బడులు తెరిచేలోపు మా బడితో కలిపి మూడు బడుల పిల్లలకు బట్టలు అందాలి. ఏడాదంతా కొట్టుకు తిండిపెట్టేది ఆ వేసవే. తాన్లు గోడవారగా పేర్చి ఉన్నాయి. కోసే మనిషి లేదు.

అక్క పోయిన వారానికి కొట్టు తలుపు తీశాం. కాజాలమ్మ వచ్చింది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆవిడ పని. మా అమ్మ ఉన్నప్పట్నుంచీ వస్తోంది. ఆవిడ నోటికి మా అమ్మే జంకేది. తమ్ముడి ఎదురుగా నిలబడి నాతో మాట్లాడింది.

"టీచరమ్మా, ఉన్నమాట అంటాను, కోపం తెచ్చుకోకు. మాస్టరు లేని కొట్టు ఇది. గుడ్డ ఎవరిది వాళ్ళకిచ్చేద్దాం."

"ఇవ్వను" అన్నాడు తమ్ముడు.

"మరెవరు కోస్తారు, నువ్వా? మిషను ఆగినా నీ చెయ్యి ఆగదు కదయ్యా."

"అక్క ఒప్పుకున్న పని. ఇవ్వను."

సెలవులే కనక నేను కోస్తానన్నాను. నల్లబల్ల మీద గీత తిన్నగా గీసే చెయ్యి, గుడ్డ కోయలేదా అనుకున్నాను. పాత దుప్పటి ఒకటి పరిచి చొక్కా వెనకముక్క కోశాను. కాజాలమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"ఏం కోశావు తల్లీ, చొక్కానా, దేశపటమా? సముద్రం ఎటువైపు?"

అక్క పోయాక కొట్టులో నవ్వు వినబడింది అప్పుడే. తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఎనిమిది పొరల నీలం గుడ్డ ఇంకా బల్ల మీదే ఉంది, భుజం దాకా కోసింది కోసినట్టే. వాడు దాన్నే చూస్తున్నాడు.

మరో వారం గడిచింది. ఒక ఉదయం నేను కిందికి దిగుతుంటే కత్తెర చప్పుడు వినబడింది. పెద్ద కత్తెర బల్లకు ఆనుకుని సాగే చప్పుడు, తడబాటు లేకుండా, బారుగా. నా కాళ్ళు మెట్టు మీదే ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఆ చప్పుడు ఒక్కరిదే.

తమ్ముడు బల్ల మీదికి వంగి ఉన్నాడు. అక్క ఆపిన భుజం దగ్గర అందుకుని చంక గుండ్రం తిప్పుతున్నాడు. కొత్తవాళ్ళు తప్పేది అక్కడే. కత్తెర సుద్దగీత మీద నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. ఎనిమిది పొరలూ ఒకే అంచుగా విడిపోయాయి.

"చెయ్యి నిలిచింది చిన్నక్కా" అన్నాడు తలెత్తకుండా.

కాజాలమ్మ వచ్చి ముక్కల అంచులు బొటనవేలితో తడిమి చూసింది. చాలాసేపు తడిమింది. "పెద్దమ్మాయి చెయ్యి వీడికొచ్చింది" అని, మొహం అటు తిప్పుకుని, "సరే మాస్టరూ, కాజాలకు ఎప్పుడిస్తావు?" అంది. వాణ్ణి ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

నేనూ అలాగే నమ్మాను. దేన్నీ తొందరపడి నమ్మే మనిషిని కాదు నేను. కానీ అంత పని తెలిసిన మనిషి పోతే ఆ పని ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదా అనిపించింది. మా హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాను. పాలు పోసే ఆయనతో చెప్పాను. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు, అయినా వినేవాళ్ళు దొరికితే వదల్లేదు. మా తమ్ముడు కోస్తున్నాడండీ, అచ్చం మా అక్కలాగే.

అప్పట్నుంచి కొట్టు పరుగులు తీసింది. వాడు పొద్దున్నే కోసి, మధ్యాహ్నం నుంచి కుట్టేవాడు. సూదిలో దారం తనే ఎక్కించుకునేవాడు, అదీ మొదటిసారికే, ఎక్కించి నాకు చూపించేవాడు. కాలర్లు, కఫ్‌లు, జేబులు విడివిడిగా కట్టలు కట్టి అరలో పెడుతుంటే ఆ అరల ముందు నిలబడి చూడడం నాకొక పని అయింది. మాత్రల వేళకు వాడి ఫోను మోగేది. వాడు మెట్లెక్కి పైకెళ్ళి, కాసేపటికి దిగివచ్చేవాడు.

వాడి మొహం ఉదయాల్లో కాస్త ఉబ్బినట్టుండేది. ఏడ్చి ఉంటాడనుకున్నాం. చెప్పులు బిగుతయ్యాయని పాతవి వదులుచేయించుకున్నాడు. "ఎండలు కదా, ఆపైన పూటంతా నిలబడి కోస్తున్నాడు. కాళ్ళకు నీరు దిగదూ" అంది కాజాలమ్మ. ఒక మధ్యాహ్నం వాడు కత్తెర పక్కన పెట్టి, పొట్టకు కుడివైపు కింద అరచెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. అక్క కిడ్నీ పెట్టింది అక్కడే. నేను చూశానని తెలియగానే చెయ్యి తీసేశాడు.

"డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ దాటిపోయింది కదరా."

"యూనిఫాంలయ్యాక వెళ్దాం."

"రేపు వెళ్దాం."

"నాకు కూడా హాజరు వేస్తావేంటి చిన్నక్కా."

"వేస్తాను. రేపు."

ఆ డాక్టరుగారు ఆపరేషన్ నాటినుంచీ మాకు తెలుసు. నెరిసిన జుట్టు, పొదుపుగా మాట్లాడే మనిషి. అక్క సంగతి వినగానే ఆవిడ చెయ్యి కోటు గుండీ మీదికి పోయింది. "వచ్చినప్పుడల్లా నా కోటు గుండీ వేలాడుతోందని కోప్పడేవారు. ఒకసారి ఇక్కడే కూర్చుని కుట్టేశారు" అన్నారావిడ. తర్వాత ఎప్పటిలాగే రక్తం తీయించి ల్యాబుకు పంపారు. ఎప్పటిలాగే ప్రశ్నలు వేశారు. నీళ్ళు తాగుతున్నారా, జ్వరం ఏమైనా వచ్చిందా, నిద్ర పడుతోందా.

"చేతుల వణుకు ఎలా ఉంది?"

వాడు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "అసలు లేదు డాక్టరుగారూ. మూడు వారాలుగా కటింగ్ అంతా వాడే చేస్తున్నాడు. మా అక్క కోసినట్టే కోస్తున్నాడు, చూడండి" అని ఫోను తీసి ఫోటో చూపించబోయాను.

ఆవిడ ఫోను వైపు చూడలేదు. పెన్ను బల్ల మీద పెట్టారు.

"చేతులు చాపండి" అన్నారు వాడితో.

వాడు చాపాడు. అరచేతులు కిందికి, వేళ్ళు విడదీసి. అవి కదల్లేదు. మూడు వారాలుగా నేను చూసి మురిసిపోయిన చేతులు అవి. ఆ గదిలో, ఆ ట్యూబులైటు కింద, వాటిని చూస్తూ నేను ఫోను సంచిలో పెట్టేశాను.

"ఎప్పుడు మానేశారు?"

"కొట్టు తెరిచిన రోజునండీ."

మరిచిపోయానని అనవచ్చు. అప్పుడప్పుడూ తప్పాయని అనవచ్చు. అడిగిన వెంటనే అడిగినదానికి జవాబు చెప్పాడు. అంత భయంలోనూ, ఆ ఒక్క జవాబుకు, వీడు మా వాడు అనిపించింది నాకు.

"చెయ్యి నిలవాలని మానేశారా?"

"కాదండీ. చెయ్యి సంగతి తర్వాత తెలిసింది." కాసేపు తన వేళ్ళనే చూసుకున్నాడు. "ఎనిమిదేళ్ళు నాలో ఉందండీ మా అక్క. నా రక్తమే వడగట్టింది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఇంకెక్కడా లేదు, ఇక్కడే ఉంది. ఆ రోజు పొద్దున్న మాత్ర చేతిలోకి తీసుకున్నాను. ఇది దేనికి? నా ఒళ్ళు మా అక్కని పరాయిదనుకోకుండా ఉండడానికి. ఇంకానా అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆవిడెవరో దీనికి తెలీదా? అంత విశ్వాసం లేని ఒళ్ళా నాది? ఆ మాత్ర మింగితే అక్కని అవమానించినట్టే అనిపించిందండీ. మింగలేదు. రెండ్రోజులు చూశాను, ఏమీ కాలేదు. వారం చూశాను. పైగా చెయ్యి నిలిచింది. సరే, గుర్తుపట్టింది అనుకున్నాను."

డాక్టరుగారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"తెల్లకణాలకు అక్కలూ తమ్ముళ్ళూ తెలియరు" అన్నారు. "ఇది ఇక్కడ పుట్టిందా కాదా, అవి అడిగేది అంతే. ఎనిమిదేళ్ళకైనా అదే అడుగుతాయి, ఎనభై ఏళ్ళకైనా అదే. మందు ఉంటే అడగకుండా పడుంటాయి. మీ చెయ్యి నిలిచింది అక్కయ్యగారు వచ్చి కాదు. మందు ఒంట్లోంచి పోయి."

ల్యాబు కాగితం వచ్చింది. ఆవిడ అది చదివి లేచి నిలబడ్డారు. "మీరు ఇంటికి వెళ్ళడం లేదు" అన్నారు.

సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. కాపలా లేచి మీద పడింది, ఒకచోట కాదు, అంతటా. మొదట స్టెరాయిడ్ పెద్ద మోతాదులో సెలైన్‌లో కలిపి ఎక్కించారు. వాడి మూత్రం రోజురోజుకూ తగ్గిపోయింది తప్ప పెరగలేదు. "ఇక కుందేలు మందు వాడాలి" అన్నారు డాక్టరుగారు. నా మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మనిషి తెల్లకణాలని కుందేలుకి ఎక్కిస్తారు. కుందేలు ఒళ్ళు వాటిని శత్రువులనుకుని ఆయుధాలు తయారుచేస్తుంది. యాంటీబాడీలంటే అవే. వాటిని కుందేలు రక్తంలోంచి తీసి, శుభ్రం చేసి, మీ తమ్ముడికి ఎక్కిస్తాం. అవి ఇతని తెల్లకణాలని దొరికినవాటిని దొరికినట్టు పడగొడతాయి."

"అన్నిటినీనా? మంచివాటిని కూడా?"

"ఎంచుకోవడం వాటికి రాదు. అందుకే కొన్నాళ్ళు ఇతనికి చిన్న జలుబు కూడా పెద్ద జబ్బే. ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు."

"అదీ పనిచేయకపోతేనండీ?"

"మళ్ళీ డయాలసిస్. ఆ కిడ్నీ పోయినట్టే."

ఆవిడ అన్నది 'కిడ్నీ' అని. నాకు వినబడింది 'అక్క' అని.

మందు ఎక్కిన మొదటి రోజు వాడికి చలి పట్టుకుంది. మంచం ఇనుపకాళ్ళు నేలమీద టకటకలాడాయి. లోపల కణాలు కూలుతుంటే అలాగే ఉంటుంది, అనుకున్నదేనంది నర్సు. మాస్కు పెట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, నేనొక్కదాన్నే లోపల ఉండనిచ్చారు. కాజాలమ్మని గుమ్మం దగ్గరే ఆపేశారు.

"ఏం మందది?" అని అడిగింది అక్కణ్ణుంచే.

చెప్పాను.

"కుందేలుదా?" మెడ చాచి మంచం వైపు చూసింది. "మాస్టరూ, ఇక నీ ప్యాంటుకు తోక చిల్లు పెట్టి కుట్టాలేమో. కొలత చెప్పు."

దుప్పటి కిందనుంచి నవ్వో వణుకో తెలియని చప్పుడొకటి వచ్చింది. "పొట్టి తోకే... కాజా అంత చాలు" అన్నాడు, పళ్ళు కొట్టుకుంటుంటే.

ఆవిడ వెళ్ళాక వాడికి దుప్పటి మెడదాకా కప్పాను. చలి కాస్త తగ్గింది.

"చిన్నక్కా, నా ఒళ్ళు అక్కని కొట్టింది కదా."

పిల్లలు ప్రశ్న అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. మాట వెతుక్కుంటాను. ఈసారి చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

"కొట్టింది. నువ్వు కొట్టమనలేదు. నిన్ను కాయడం తప్ప దానికింకేం తెలీదు. అది లేకపోతే చిన్నప్పుడు ఏ జ్వరానికో పోయేవాడివి. కిడ్నీ ఇవ్వడానికి అక్కకు తమ్ముడే ఉండేవాడు కాదు."

"అక్క ఉంటే ఏమనేది?"

"ఇంటాయనా, అద్దెకున్నదాన్ని చెప్పాపెట్టకుండా ఖాళీ చేయిస్తావట్రా అనేది."

నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, వాడికి కావలసినంతసేపు.

బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది. కొంత గుడ్డ ఇంకా కోయకుండానే ఉంది. పక్కవీధి టైలరు కుట్టిపెడతానన్నాడు కానీ కోసి ఇమ్మన్నాడు. వాళ్ళ మాస్టరుకు సొంత పనితోనే ఊపిరాడటం లేదట. ఈ మాట తమ్ముడికి చెప్పకూడదనుకున్నాను. కాజాలమ్మ చెప్పేసింది.

"చిన్నక్కా, ఇంటికెళ్ళు" అన్నాడు వాడు. "నాలుగు పొరలు పరుచు. ఎనిమిది నీవల్ల కాదు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు పెట్టు."

పెట్టాను. నేను కోస్తుంటే వాడు అక్కడ మంచం మీద పడుకుని విన్నాడు.

"ఆగు. ఏంటా చప్పుడు, గుడ్డ నములుతున్నావా?"

"కోస్తున్నానురా."

"కత్తెర పూర్తిగా మూసేస్తున్నావు. మూయకు. ముప్పాతిక మూసి, ముందుకు తోసి, మళ్ళీ తెరువు. కింది రేకు బల్ల మీంచి లేవకూడదు."

"లేవడం లేదు."

"లేస్తోంది. వినబడుతోంది."

కాజాలమ్మ వంగి చూసింది. లేస్తోంది. "పక్కనున్న నాకు తెలీలేదు, అంతదూరంలో వీడికి తెలిసింది" అని ఫోను దగ్గరికి నోరు తెచ్చి, "తోక సంగతి ఏమోగాని చెవులు మాత్రం వచ్చేశాయి మాస్టరూ" అంది.

అలా రెండు మూడు రోజులు కోశాం. ముందు జేబులు, తర్వాత వెనకముక్కలు. చంక గుండ్రాలు నాకు ఇవ్వలేదు, అవి ఉండనీ అన్నాడు. గంటసేపటికే వాడి గొంతు అలిసిపోయేది. అలిసిపోయినా, నా కత్తెర తప్పితే అవతల నాలుక చప్పరించడం వినబడేది. అక్క కూడా అలాగే చప్పరించేది.

నాలుగో రోజు నేను సగం జేబులో ఉండగా, "చిన్నక్కా, ఆపు" అన్నాడు.

"మళ్ళీ ఏం చేశాను?"

"నువ్వు కాదు. అక్క." అవతల మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నాడు. "నీళ్ళు వదులుతోంది. పొద్దున్నుంచి మూత్రం సీసా రెండుసార్లు మార్చారు. డాక్టరుగారు వచ్చి చూసి వెళ్ళారు."

కాజాలమ్మ స్టూలు మీద కూలబడింది. కత్తెర కింద పెట్టి నేనూ కూర్చున్నాను. ఆ పూట ఇంకేమీ కోయలేదు.

బడి తెరిచే వారంలో వాణ్ణి ఇంటికి పంపారు. మాత్రల మోతాదు పెంచారు. చేతులు ముందుకంటే ఎక్కువ వణికాయి. గ్లాసు ఎత్తితే నీళ్ళు తొణికేవి. "వణుకు ఇంత బాధపెడుతోందని ముందే చెబితే ఏదో ఒకటి సర్దేదాన్ని" అన్నారు డాక్టరుగారు. "ఇప్పుడు మాత్రం కొన్ని నెలలు వీసమెత్తు తగ్గించను." వాడు తలూపాడు. మాత్రలు ఇప్పుడు పైకి వెళ్ళి కాదు, బల్ల దగ్గరే వేసుకుంటాడు. మొదట్లో కాజాలమ్మ ఎదురుగా నిలబడి "నోరు తెరువు, నాలుక ఎత్తు" అనేది. తెరిచేవాడు, ఎత్తేవాడు.

చంక గుండ్రాలు, కాలర్లు మిగిలిపోయాయి. జనం లోపలికి రాకుండా కొట్టు గుమ్మానికి బల్ల అడ్డం పెట్టి, వాడు మాస్కుతో వెనక నిలబడ్డాడు. రెండు పొరలే పరిచాడు. మోచెయ్యి బల్లకు అదిమిపెట్టి, మణికట్టు కదపకుండా, ఒళ్ళంతా కత్తెర వెంట జరిపాడు. గుడ్డ కదలకుండా నేను రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాను. ఒక్కో కాలరుకు అంతకుముందు ఎనిమిదింటికి పట్టినంత సేపు పట్టింది. గీత తప్పినచోట ఆగి, ఊపిరి వదిలి, మళ్ళీ అందుకునేవాడు. తప్పులు ఉన్నాయి. కుట్టులో కలిసిపోయేంత చిన్నవి.

ఒకాయన తన కూతురి యూనిఫాం కోసం వచ్చి, అడ్డబల్ల అవతలినుంచి అంతా చూస్తూ నిలబడ్డాడు. "చెయ్యి అంత వణుకుతోందేంటి మాస్టరూ, గుడ్డ పాడైపోతుందేమో" అన్నాడు.

"వణుకుతుందండీ" అన్నాడు తమ్ముడు. "వణకడం మానేసిన రోజు వచ్చి అడగండి, అప్పుడు భయపడదాం."

ఆయనకు అర్థం కాలేదు. కాజాలమ్మ మాత్రం గుండీ దారం పంటితో తెంపుతూ, "అదీ మాటంటే" అంది ఎవరితోనో అన్నట్టు.

బడి తెరిచిన రోజు పిల్లలు మైదానంలో వరసలు కట్టారు. అంతా నీలం. కొత్తగుడ్డ బిరుసుతనానికి చేతులు ఒంటికి ఆనించలేక కొంచెం దూరంగా పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందునుంచి హాజరు వేస్తూ నడిచాను. కొన్ని చొక్కాలు అక్క ఆ రోజుకు ముందే కోసినవి. చాలావరకు తమ్ముడు ఆ మూడు వారాల్లో కోసినవి. వాటి అంచులు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మూడోవరసలో ఒక పిల్లాడి జేబు కాస్త పక్కకు వాలి ఉంది, అది నాది. వాళ్ళ మెడల చుట్టూ కాలర్లలో కొన్ని వణికే చేత్తో కోసినవి. హెడ్‌మిస్ట్రెస్ నా పక్కకొచ్చి, "ఈ ఏడాది కూడా ఒక్కటీ తగ్గకుండా అందాయే" అంది. "అందాయండీ, మా తమ్ముడు ఇచ్చాడు" అన్నాను. అంతకంటే పెద్దమాట నాకు దొరకలేదు. ఆ పూట నా గొంతు మామూలుకంటే కొంచెం పైకే లేచిందని తర్వాత పిల్లలే చెప్పుకున్నారు.

వానలు మొదలయ్యాక చెకప్‌కి వెళ్ళాం. కిడ్నీ పనిచేస్తోందనీ, అయితే పోయిన భాగం తిరిగి రాదనీ చెప్పారు డాక్టరుగారు. మాత్రలు తప్పకపోతే కొన్నేళ్ళు వస్తుంది. వాడు ముందనుకున్నట్టు జన్మంతా మాత్రం రాదు. ఏదో ఒకనాటికి ఇంకొకటి కావాలి. ఈ మాట తమ్ముడు బయట మందులు తీసుకుంటుండగా నాతో చెప్పారు.

ఎనిమిదేళ్ళ కిందట ముందు అక్కకే పరీక్షలు చేశారు. ఆవిడది సరిపోయింది కనక నాది చూడవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు చూడమని నేనే అడగాలి. ఆ తర్వాత కూడా రెండుసార్లు వాడితో ఆస్పత్రికి వెళ్ళి, ఆ గదిలో, ఆ కుర్చీలోనే కూర్చుని వచ్చాను. ఇంకా అడగలేదు.